ఇంట్లో మట్టగిడసను పెంచడం ఎలా?

గోదావరి జిల్లాల్లో కొరమీను అనగానే పులుసే గుర్తొస్తుంది. చేపల బజారులో గోలెం మీద వల కప్పి, అడుగున కాసిని నీళ్లలో బతికున్నవాటిని ఉంచుతారు. బేరం కుదిరి కత్తిపీట దగ్గరికి వెళ్లేలోపు అర నిమిషం దాన్ని చూస్తాం, అంతే. దాని వంశానికే చెందిన చిన్న చేప మట్టగిడసను నేను ఆరేళ్లుగా ఇంట్లో గాజు తొట్టిలో పెంచుతున్నాను. సాయంత్రం దీపం పెట్టే వేళకి కుండ పెంకు కింద నుంచి తల బయటపెట్టి, నేను గదిలో ఏ మూలకి వెళ్తే ఆ మూలకి కళ్లు తిప్పుతుంది. అందుకే వేటాడే చేపను పెంచాలన్న కోరిక ఉన్నవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే: అరోవానా, ఎలిగేటర్ గార్ అంటూ పైదేశాల చేపల కోసం తిరగకండి. మీ ఊరి పంట బోదెలో (పిల్లకాలువలో) ఉన్న చేపకంటే మంచి వేటగాడు వాటిలో లేదు. మన నీళ్లకి, మన ఎండకి అలవాటు పడినది కూడా అదే.

ముందు ఏ చేపో తేల్చుకోండి

కొరమీను 2 అడుగులు సులువుగా పెరుగుతుంది, అంతకు మించి కూడా పెరుగుతుంది. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే. దాని పిల్లలు నారింజ రంగులో, నిప్పురవ్వల్లా ముద్దుగా ఉంటాయి. తొలకరి తర్వాత గట్టు మీద నిలబడి చూస్తే వందల పిల్లలు ఒకే ముద్దగా పైకి లేచి, బుడగలు వదిలి మళ్లీ దిగుతుంటాయి. కిందనే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ రంగు చూసి మోజు పడి పది పిల్లల్ని తెచ్చి చిన్న తొట్టిలో వేస్తారు. వాటిలో పెద్దది చిన్నవాటిని మింగేస్తుంది. రంగు కొద్ది వారాల్లోనే పోతుంది. ఏడాది తిరిగేసరికి తొట్టిలో తిరగడానికి కూడా చోటు చాలని చేప మిగులుతుంది. కొరమీనే కావాలంటే 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు తొట్టి కావాలి. అంటే దాదాపు 680 లీటర్ల తొట్టి. ఆ బరువు మోసే నేల ఉండాలి, ఆ ఖర్చు భరించాలి.

మట్టగిడస జానెడు, బాగా పెరిగితే అడుగు. ఒంటి మీద నల్లటి చుక్కలు ఉంటాయి. అదే తల, అదే చూపు, అదే దూకుడు. మామూలు ఇంటికి ఇది సరిపోతుంది. ఒక్కటే తెచ్చుకోండి.

గాలంతో పట్టినది వద్దు. కొక్కెం దవడలోనో గొంతులోనో చేసిన గాయం బయటికి కనబడదు, పది రోజుల తర్వాత తిండి మానేసినప్పుడు తెలుస్తుంది. వలతోనో మావుతోనో (బుట్టలాంటి ఉచ్చుతోనో) పట్టిన చేపను, పట్టినతన్ని అడిగి తెచ్చుకోండి. వేలెడు పొడవున్న పిల్ల అయితే మేలు. అది మీ చేతి తిండికి త్వరగా అలవాటు పడుతుంది.

తొట్టి, దాని కన్నా ముఖ్యంగా మూత

3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు తొట్టి చేయించండి. ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఇది అడుగున పడుకునే చేప. వెనక్కి తిరగడానికి చోటుండాలి. నీళ్లు, గాజు, ఇసుక అన్నీ కలిపి 200 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీద పెట్టకండి. ఇనుప స్టాండు చేయించి, గాజుకీ స్టాండుకీ మధ్య థర్మోకోల్ షీటు పరవండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు, మే నెలలో నీళ్లు కాగిపోతాయి.

ఇప్పుడు మూత. ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. ఈ జాతి చేపలు దూకుతాయి. వాన పడ్డ రాత్రి ఒక గుంటలోంచి ఇంకో గుంటకి తడి నేల మీద పాకే అలవాటు వాటి ఒంట్లోనే ఉంది. మొదటి ఏడాది నేను గాలి గొట్టం దూర్చడానికి మూత మూలన మూడు వేళ్ల సందు వదిలాను. ఒకరోజు తెల్లారి మా అమ్మ ఊడుస్తుంటే బియ్యం డ్రమ్ము వెనక చీపురుకి ఏదో మెత్తగా తగిలింది. ఒళ్లంతా దుమ్ము, వెంట్రుకలు అంటుకుని, జిగురు ఆరిపోయి, కర్రలా పడుంది మా చేప. చచ్చిపోయిందనుకుని చేతిలోకి తీసుకుంటే మొప్ప ఒక్కసారి కదిలింది. బకెట్లో నీళ్లలో పెట్టాను. పావుగంటకి పైకి వచ్చి గాలి గుటక వేసింది. బతికింది. కానీ జిగురు పోయినచోట దూదిలాంటి బూజు పట్టింది. అది తగ్గడానికి పది రోజులు ఉప్పు నీళ్లలో ఉంచాల్సి వచ్చింది. ఆ పది రోజులూ నేను సరిగా నిద్రపోలేదు.

కాబట్టి మూత నాలుగు వైపులా పూర్తిగా మూసుకోవాలి, మీద బరువుండాలి. గొట్టాలు దూరే చోట రంధ్రం గొట్టం మందమే ఉండాలి. సందు మిగిలితే స్పాంజి కుక్కండి. మూతలో కొంత భాగం దోమల జాలీ అయితే గాలి ఆడుతుంది, కానీ ఆ జాలీ స్టీలుది అయ్యుండాలి. నైలాన్ జాలీని తలతో పొడిచి చింపేస్తుంది.

మూత ఎంత బిగుతుగా ఉండాలో, దాని కింద అంత ఖాళీ కూడా ఉండాలి. ఈ చేప మొప్పలతో మాత్రమే బతకదు. మొప్పల పైన, తలలో, గాలి నింపుకునే గది ఒకటి ఉంది. కొన్ని నిమిషాలకోసారి పైకి వచ్చి నోటితో గాలి తీసుకోవాలి. నీళ్లు మూత దాకా నింపేస్తే, ఎంత ఆక్సిజన్ ఉన్న నీళ్లైనా సరే, చేప నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. అందుకే పైన 4 అంగుళాలు వదలండి. అప్పుడు తొట్టిలో నీళ్లు, ఇసుక పోగా, సుమారు 140 లీటర్లు ఉంటాయి. మొదటి రోజుల్లో నేను తొట్టి ముందు కూర్చుని ఈ గాలి పీల్చడాన్నే చూసేవాణ్ని. నెమ్మదిగా తేలుతుంది, మూతి కొస నీటి పైపొరను తాకుతుంది, చిన్న "టప్" మని శబ్దం. దిగేటప్పుడు మొప్పల పక్క నుంచి రెండు మూడు బుడగలు జారిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న చేప తీరిగ్గా వచ్చి తీరిగ్గా దిగుతుంది. ఊరికే పైకి పరిగెడుతుంటే నీళ్లలో ఏదో తేడా ఉందని అర్థం.

లోపల సామాను పెద్దగా అక్కర్లేదు. ఒకటిన్నర అంగుళం గోదావరి ఇసుక. తేట నీళ్లు వచ్చేదాకా కడగండి, పది పదిహేను సార్లు పడుతుంది. సముద్రపు ఇసుక, గవ్వలు వద్దు. ఒక పగిలిన కుండ పెంకు, అంచులు అరగదీసి, బోర్లించి పెట్టండి. నీటి మీద అంతరతామర నాలుగు మొక్కలు వేస్తే నీడ ఉంటుంది, నీడ ఉంటే చేప ధైర్యంగా బయట తిరుగుతుంది. గుర్రపుడెక్క వద్దు, తొట్టి పట్టనంతగా పెరుగుతుంది. లైటు తక్కువగా వాడండి.

నీళ్లు

డెల్టాలో ఒక్కో ఊరికి ఒక్కో నీటి కథ. సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పగా ఉంటుంది. ఆ నీళ్లు పనికిరావు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి మూత లేని టబ్బులో ఒక రోజంతా ఉంచి వాడండి. కాలువ నీళ్లు చేపకి అలవాటైనవే, కానీ మూడు సందర్భాల్లో ముట్టుకోకండి. ఒకటి, గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజులు. ఆ బురద తేరుకోవడానికి పటిక తిప్పుతారు, పటిక వేస్తే నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) పడిపోతుంది. రెండు, సార్వాలో (ఖరీఫ్‌లో) గానీ దాళ్వాలో (రబీలో) గానీ చేలకి పురుగుమందు కొట్టే రోజులు. మూడు, వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే నిలవ నీరు. నేను ఏడాది పొడుగునా కుళాయి నీళ్లే వాడుతున్నాను, టెన్షన్ ఉండదు.

తొట్టి నింపిన రోజే చేపను వేయకూడదు. చేప విసర్జించేది, తినగా మిగిలి కుళ్లేది అమ్మోనియా అవుతుంది. అది మొప్పల్ని కాల్చేస్తుంది. ఫిల్టర్ స్పాంజిలో ఒక రకం బ్యాక్టీరియా పెరిగి ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. చివరిది పెద్దగా హాని చేయదు. ఆ బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఈలోగా వాటికి తిండి కావాలి కదా, అందుకని ఒక పచ్చి రొయ్యను పాత సాక్సులో కట్టి తొట్టిలో వేలాడదీయండి. వాసన వస్తుంది, ఓర్చుకోండి. పంపు ఆగకుండా నడవాలి. తెలిసినవాళ్ల పాత తొట్టి నుంచి ఒక మురికి స్పాంజి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే వారాలు తగ్గుతాయి, కానీ వాళ్ల తొట్టిలో జబ్బు లేదని తెలిస్తేనే తేవాలి.

ఇందులో మన డెల్టా వాళ్లకి ఒక సదుపాయం ఉంది. భీమవరం, ఆకివీడు చుట్టుపక్కల రొయ్యల చెరువుల కోసం నీటి పరీక్ష చేసే ల్యాబులు చాలా ఉన్నాయి. సీసాలో మీ తొట్టి నీళ్లు పట్టుకెళ్తే అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసి చెబుతారు. రైతులు వాడే అమ్మోనియా కిట్ కొనుక్కున్నా మంచిదే. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వరసగా మూడు రోజులు వచ్చాకే చేప గురించి ఆలోచించండి. పీహెచ్ ఎంత పెరిగితే అమ్మోనియా అంత విషం. కాబట్టి 8 దాటిన నీళ్లైతే ఈ సున్నా విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి.

ఫిల్టర్ పెద్దది పెట్టండి. వేటాడే చేప ఒకేసారి ఎక్కువ తింటుంది, ఎక్కువ మురికి చేస్తుంది. కరెంటు పోతే చేపకి ప్రమాదం లేదు, గాలి పీల్చుకుంటుంది. కానీ గంటల తరబడి నీరు కదలకపోతే స్పాంజిలోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తుపాను రోజుల్లో రోజంతా కరెంటు లేకపోతే, వచ్చిన వెంటనే తొట్టిలో మూడో వంతు నీళ్లు మార్చి, రెండు రోజులు తిండి ఆపండి.

ఇంకొక మాట. దోమలు లేని ఇల్లు మన వైపు ఉండదు. దోమల స్ప్రేల్లో ఉండే మందు చేపలకి చాలా విషం, కొంచెమైనా చాలు. తొట్టికి గాలి పంపు ఉంటే గదిలోని ఆ గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది. తొట్టి ఉన్న గదిలో స్ప్రే కొట్టకండి. దోమతెర కట్టుకోండి.

ఇంటికి తేవడం

మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, అందులో చేప మునిగేంత నీళ్లు, మూతకి నాలుగు రంధ్రాలు. ఇదే చాలు. సంచి నిండా నీళ్లు పోసి, గాలి లేకుండా ముడివేసి తెస్తే దారిలోనే చచ్చిపోతుంది. బకెట్టులో ఒక తడి గోనెపట్టా ముక్క వేస్తే దాని కింద దాక్కుని కుదురుగా ఉంటుంది.

ఇంటికి రాగానే తొట్టిలో వేయకండి. వేరే టబ్బులో రెండు మూడు వారాలు ఉంచి చూడండి. కాలువ చేప ఒంటి మీద పేను ఉండొచ్చు. చెరువుల వాళ్లు ఆర్గులస్ అంటారు. పప్పుబద్దలా, కాస్త పారదర్శకంగా, రెక్కల మొదట్లో అంటుకుని ఉంటుంది. చేప గోడకేసి ఒళ్లు రాసుకుంటుంటే వెతకండి. తడి గుడ్డతో చేపను పట్టుకుని, ముళ్లపట్టకారుతో మెల్లిగా తీసేయొచ్చు. ఆ టబ్బు నీళ్లలో లీటరుకి 2 గ్రాముల లెక్కన కల్లుప్పు వేయండి. ఆ టబ్బుకీ బరువైన మూత ఉండాలని మళ్లీ చెప్పనక్కర్లేదు కదా.

తిండి

మొదటి నాలుగైదు రోజులు ఏమీ తినకపోవచ్చు. కంగారుపడి రోజుకో రకం వేసి నీళ్లు పాడుచేయకండి. ఆరోగ్యంగా ఉన్న మట్టగిడస వారం పస్తు ఉన్నా ఏమీ కాదు. మొదట వానపాము వేయండి, పురుగుమందు తగలని పెరటి మట్టిలోది, కడిగి. కదిలే వానపామును కాదనే మట్టగిడసను నేను చూడలేదు.

దాని వేట ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మీరే పది మందిని పిలిచి చూపిస్తారు. వానపాము నీళ్లలో దిగుతుంటే చేప కదలదు. ఒంట్లో కదిలేవి రెండే, మొప్పల వెనక రెక్కలు. అవి విసనకర్రల్లా ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి, శరీరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తర్వాత తోక కొద్దిగా వంగుతుంది, విల్లు వంగినట్టు. అక్కణ్నుంచి కంటికి ఏమీ అందదు. ఇసుక లేస్తుంది, వానపాము ఉండదు, చేప ఇందాకటి చోటికే వచ్చి పడుకుని ఉంటుంది.

చేయి అలవాటయ్యాక పచ్చి రొయ్యకి మార్చండి. తలా పెంకూ తీసి, కడిగి, చేప కంటి సైజు ముక్కలు చేసి, పట్టకారుతో పట్టి నీళ్లలో ఆడించండి. చేత్తో పెట్టకండి, పళ్లు సూదుల్లా ఉంటాయి. మన దగ్గర వనామి రొయ్య ఏ రోజైనా దొరుకుతుంది కాబట్టి అదొక్కటే పెట్టాలనిపిస్తుంది. అలా చేయొద్దు. కొన్ని చేపల్లో, రొయ్యల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే పదార్థం ఉంటుంది. నెలల తరబడి అదే తింటే చేప నీరసించిపోతుంది. ఒకరోజు రొయ్య, ఒకరోజు వానపాము, ఒకరోజు గొల్లభామ, ఒకరోజు తేలే గుళికల మేత. గుళికలకి అలవాటు చేయడం కష్టమే. రెండు రోజులు పస్తు ఉంచి, రొయ్య ముక్కలో గుళిక గుచ్చి పెట్టండి. తర్వాత తర్వాత ముక్క చిన్నదీ గుళిక పెద్దదీ చేస్తూ రండి. మాదానికి రెండు నెలలు పట్టింది.

కోడి మాంసం, మేక మాంసం పెట్టకండి, ఆ కొవ్వు దానికి అరగదు. బతికున్న పరిగెల్ని (చిన్న చేపల్ని) వేసి వేట చూడాలని చాలామందికి సరదా. కాలువ నుంచి తెచ్చిన పరిగెతో పాటు పేను, పురుగులు కూడా తొట్టిలోకి వస్తాయి. వేట చూడాలంటే వానపాము చాలు.

చిన్న పిల్లకి రోజూ కొంచెం. జానెడు పెరిగాక వారానికి మూడుసార్లు, పొట్ట కాస్త గుండ్రమయ్యేదాకా. మిగిలింది పది నిమిషాల్లో తీసేయండి. సంక్రాంతికి ఊరెళ్తే ఐదారు రోజులు తిండి లేకుండా వదిలేయొచ్చు. పక్కింటివాళ్లకి అప్పజెప్పి వెళ్తే ప్రేమ కొద్దీ ఎక్కువ వేస్తారు, ఆకలి కన్నా అదే ప్రమాదం.

వారం వారం నాలుగో వంతు నీళ్లు మార్చండి. స్పాంజిని కుళాయి కింద కడగకుండా, తొట్టిలోంచి తీసిన ఆ నీళ్లలోనే పిండండి. తోడుగా వేరే చేప వద్దు. నోట్లో పట్టేది తింటుంది, పట్టనిదాన్ని కొరుకుతుంది.

జబ్బు చేస్తే

ఎక్కువ భయపడాల్సింది చలికాలంలో. డిసెంబరు, జనవరి నెలల్లో ఒంటి మీద ఎర్రటి చుక్క కనిపించి, అది పుండుగా లోతుకి దిగితే అది పుండ్ల జబ్బు కావచ్చు. 1988లో మన దేశంలోకి వచ్చి చెరువుల్నీ కాలువల్నీ ఊడ్చేసింది ఇదే. ఒక రకం నీటి బూజు వల్ల వస్తుంది. కొరమీను జాతికి అందరికంటే ముందు, ఎక్కువగా పడుతుంది. లోతైన పుండుకి ఇంటి వైద్యం లేదు. చుక్క దశలోనే వేరే టబ్బుకి మార్చి, ఉప్పు వేసి, నీళ్లు రోజూ మార్చి, ఆక్వా ల్యాబులోనో మత్స్యశాఖ వాళ్ల దగ్గరో చూపించండి. ఆ రెండు నెలలూ కాలువ నుంచి చేప గానీ, నాచు గానీ, నీళ్లు గానీ తొట్టిలోకి తేకపోవడమే అసలు మందు.

ఉంచుకోలేకపోతే

ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, అలాంటి రోజు వస్తుంది. అప్పుడు బోదెలో వదిలేస్తే సరిపోతుందనుకోకండి. ఇది మన నీటి చేపే అయినా, తొట్టిలో పట్టుకున్న రోగం ఏదైనా ఉంటే కాలువలోని వాటికి అంటిస్తుంది. పైదేశపు చేపైతే చెప్పనే అక్కర్లేదు. అక్వేరియంల నుంచి వచ్చిన సక్కర్ చేప ఇవాళ మన చెరువుల్లో వలలు చింపుతోంది. మన కొరమీను జాతే తమ నీళ్లలో పడితే ఏమవుతుందోనని అమెరికా 2002లో ఈ కుటుంబం మొత్తాన్నీ దిగుమతి చేసుకోకుండా ఆపేసింది.

పెంచే ఓపిక ఉన్న ఇంకొకరిని ముందే చూసి పెట్టుకోండి. ఇచ్చేటప్పుడు ఫిల్టర్ స్పాంజిని తడి ఆరకుండా డబ్బాలో పెట్టి ఇవ్వండి, అది లేకపోతే వాళ్లు మళ్లీ నాలుగు వారాలు ఆగాలి. కుండ పెంకు కూడా ఇచ్చేయండి. కొత్త తొట్టిలో మొదటి రాత్రి దాని కిందే పడుకుంటుంది.